సాపుతారా మన జాగ

ఎల్లవ్వకు ముందు పళ్ళు రెండు లేవు. ఒకటి సిరిసిల్ల పక్కన పల్లెలో ఉన్నప్పుడు తండ్రి చేతిలో పోయింది. రెండోది సూరత్‌కు వచ్చాక మొగుడి చేతిలో పోయింది. ఎవరైనా అడిగితే రెండు సంగతులూ ఒకే గొంతుతో చెప్పేది, ఎండాకాలం ఎండ కొట్టింది, వానాకాలం వాన కొట్టింది అన్నట్టు.

మొగుడు సాంబయ్య పాండేసరలో సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను సిరిసిల్ల వాళ్ళు సాంచాలంటారు. ఎల్లవ్వ చీరెల గోదాములో కత్తెర పట్టుకుని, నేసిన చీరెల వెనక వేలాడే దారప్పోగులు కత్తిరించేది. వాళ్ళున్న గల్లీలో అన్నీ ఒంటి గదులు. గదుల వెనక గోడకు ఆనుకునే సాంచాల షెడ్డు. అది రాత్రీ పగలూ దడదడలాడుతూనే ఉండేది. ఆ చప్పుడులో పక్కగదిలో ఏం జరుగుతున్నా వినబడేది కాదు. సాంబయ్య కొట్టినన్నాళ్ళూ ఎల్లవ్వ అరుపు ఏ గోడా దాటలేదు.

ఒకనాటి సాయంత్రం అతను జుట్టు పట్టి ఈడ్చినప్పుడు ఆమె చేతిలో పని కత్తెర ఉంది. ఆలోచించలేదు. తొడలో దింపేసింది. సాంబయ్య ఆసుపత్రిలో మిషను గుచ్చుకుందని చెప్పుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ చెయ్యెత్తలేదు. ఒకే గదిలో చెరో మూల బతికారు. పొట్లాల సారా తాగి తాగి అతని కాలేయం చెడిపోతే, మంచం మీద ఉన్న ఏడాదీ ఆమే కడిగింది, తినిపించింది. చచ్చిపోయిననాడు ఏడ్చింది కూడా. ఎందుకేడ్చావని గోదాములో ఎవరో అడిగితే, "ఏమో, కండ్లల్లకెల్లి నీళ్ళచ్చినయ్" అంది.

సాపుతారాను ఆమె మొదట చూసింది సాంబయ్య బతికున్నప్పుడే. ఒక ఏడు దీపావళి సీజను బాగా నడిచిందని షెడ్డు సేటు పనివాళ్ళ కుటుంబాలను బస్సెక్కించి ఆ కొండ మీదికి తీసుకెళ్ళాడు. సూరత్‌లో అన్నేళ్ళుండీ ఎల్లవ్వ చూసింది గది, గోదాము, కూరగాయల మార్కెట్టు. వఘయి ఊరు దాటాక బస్సు వెదురు చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ పైకెక్కింది. దిగి చూస్తే మబ్బు తన కాళ్ళ కంటే కింద ఉంది. ఊరి నడుమ చెరువు, చెరువులో కాళ్ళతో తొక్కే పడవలు. 

"ఆ దినం మా ఆయన గూడ నన్ను కొట్టలే. గా గాలి గట్లుంటది గావచ్చు" అని తర్వాత అందరికీ చెప్పేది.

సాంబయ్య పోయాక ఆమె గల్లీ ఆడవాళ్ళను కూడగట్టడం మొదలుపెట్టింది. ప్రతి శ్రావణంలో ఒక ఆదివారం చిన్న బస్సు మాట్లాడి సాపుతారాకు. మగవాళ్ళెవరూ రాకూడదు. పొద్దున్నే సర్వపిండ్లు, పులిహోర కట్టుకుని పోవడం, పడవ తొక్కడం, కాల్చిన మొక్కజొన్న కంకి తినడం, చీకటి పడేసరికి ఇంట్లో ఉండడం. అంతే. మగవాళ్ళు గొణిగేవాళ్ళు. "ముసల్ది ఆడోళ్ళను ఖరాబ్ చేస్తున్నది" అని చాయ్ బండి దగ్గర అనుకునేవాళ్ళు. కానీ తొడలో కత్తెర సంగతి గల్లీలో అందరికీ తెలుసు కాబట్టి ఎదురుగా ఎవరూ అనేవాళ్ళు కాదు.

ఆ బస్సులో అందరికంటే ఎక్కువ సంబరపడే మనిషి పద్మారాణి. గోదాములో ఎల్లవ్వ పక్కనే కూర్చుని దారాలు కత్తిరించేది. పెళ్ళై సూరత్ వచ్చిన పిల్ల. ఎల్లవ్వను అత్తా అని పిలిచేది. ఎల్లవ్వ గదికి అవతలి గదే వాళ్ళది. భర్త రాజమౌళి సాంచాల మీద మంచి పనివాడని పేరు. గల్లీలో ఎవరికి జ్వరమొచ్చినా తన బండి మీద దవాఖానాకు తీసుకెళ్ళేవాడు. ఎల్లవ్వకు నీళ్ళ బిందెలు మోసిపెట్టేవాడు. పద్మ బుగ్గ మీద అప్పుడప్పుడూ వాపు కనిపిస్తే పంటి నొప్పి అనేది. ఆ అబద్ధం ఎల్లవ్వకు కొత్త కాదు. అయినా రాజమౌళి మోసిన నీళ్ళు తాగుతూ ఆమె ఊరుకుంది.

లాక్‌డౌన్ వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దానికి మొదటి రెండు రోజులు ఎవరికీ నిద్ర పట్టలేదు. తర్వాత అసలు సంగతి బయటపడింది. ఇన్నేళ్ళూ మగ్గాల చప్పుడు దాచిపెట్టినవన్నీ ఇప్పుడు గోడల్లోంచి వినిపించడం మొదలైంది. ఏ గదిలో ఎవరు ఎవరిని కొడుతున్నారో, దేనితో కొడుతున్నారో కూడా తెలిసేది. బెల్టు చప్పుడు వేరు, చెప్పు చప్పుడు వేరు, తల గోడకు తగిలితే వచ్చే చప్పుడు వేరు. ఆడవాళ్ళు పొద్దున నల్లా దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయేవాళ్ళు.

రోడ్డెక్కిన మగవాళ్ళను పోలీసులు లాఠీలతో బాదేవాళ్ళు. ఊళ్ళకు పంపమని కూలీలు గుంపులుగా రోడ్డు మీదికి వచ్చిన రోజున రాళ్ళు పడ్డాయి, పొగ బాంబులు పేలాయి. ఆ రోజు రాజమౌళి కూరగాయలకని వెళ్ళి నడుము మీద, పిక్కల మీద వాతలతో కుంటుతూ వచ్చాడు. తలుపు మూసుకున్నాడు. కాసేపటికి పద్మ అరుపు మొదలైంది.

ఎల్లవ్వ వెళ్ళి తలుపు బాదింది. "రాజమౌళీ! తలుపు తియ్యి. పిల్ల సస్తది రా!"

తలుపు సందు తెరుచుకుంది. లోపల పద్మ నేల మీద ఉంది. ముక్కులోంచి కారిన రక్తం బండల మీద పాకింది.

"అత్తా, ఇది మా ఇంటి లొల్లి. నువ్వు నడువు."

"పోలీసోడు నిన్ను కొడితే నువ్వు దీన్ని కొడుతవా? ఇదేం మొగతనం రా?"

ఆమె తలుపు చట్టం పట్టుకుని ఉండగానే రాజమౌళి బలంకొద్దీ తలుపు వేశాడు. ఎల్లవ్వ కుడి మణికట్టు ఇరుక్కుంది. ఎముక విరిగిన చప్పుడు గల్లీ చివరిదాకా వినబడిందని అంటారు. ఆసుపత్రులన్నీ కరోనా రోగులతో నిండి ఉన్నాయి. చాయ్ బండి బిక్షపతి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి కొంచెం వంకరగానే ఉండిపోయింది.

ఆ ఏడు సాపుతారా లేదు. మరుసటి వేసవిలో కరోనా రెండో అల వచ్చి, గల్లీలో అందరికంటే పెద్దదైన చిన్నవ్వను తీసుకుపోయింది. ప్రతి యాత్రలోనూ బస్సులో ముందు సీటు చిన్నవ్వదే. శవాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకెళ్ళారు, మొహం ఎవరికీ చూపించలేదు. వానలు పడ్డాక ఎల్లవ్వ అందరినీ పిలిచి చెప్పింది. "ఈ శ్రావణం పోదాం. బతికున్నోళ్ళమన్న పోదాం."

ఆ ఆదివారం తెల్లారి బస్సు కదలబోతుండగా పద్మ పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది. చేతిలో చిన్న సంచి. ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉంది.

"చెప్పచ్చినవా?" అని అడిగింది ఎల్లవ్వ.

"గోదాముల పనున్నదని చెప్పిన."

"తెలిస్తే?"

"తెలిస్తే కొడతడు. తెల్వకపోయినా కొడతడు. గీ ఒక్క దినం నన్ను తోలుకపో అత్తా."

ఆ ప్రయాణమంతా పద్మ మాట్లాడుతూనే ఉంది. వాంసదా దగ్గర చాయ్ తాగి మాస్కు గడ్డం కిందికి లాక్కుని పాటలు పాడింది. ఘాట్ రోడ్డు మీద అడుగడుగునా కొండ నుంచి నీళ్ళు దూకుతున్నాయి. కిటికీలోంచి చెయ్యి చాపి, ఆ తడి అందరి మొహాల మీద చల్లింది.

సాపుతారా చెరువు దగ్గర ఆదివారపు జనం కిటకిటలాడుతున్నారు. ఏడాదికి పైగా ఇళ్ళల్లో మగ్గినవాళ్ళంతా ఒకేసారి వచ్చి పడ్డట్టున్నారు. ఆడవాళ్ళు పడవ టికెట్ల వరుసలో నిలబడ్డారు. ఎల్లవ్వ చేతిలో సర్వపిండ్లున్న బరువైన స్టీలు గిన్నెల క్యారియరు. పక్కన సుభాషిణి, గల్లీలో బట్టలు కుట్టే మనిషి, గొడుగు పట్టుకుని ఉంది.

రాజమౌళి ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. గోదాముకు వెళ్ళి వెతికి, సంగతి తెలుసుకుని, బండి మీద వానలో తడుస్తూ సూరత్ నుంచి అంత దూరం వచ్చాడు. వచ్చినవాడు మాటా పలుకూ లేకుండా వెనక నుంచి పద్మ జడ పట్టుకుని గుంజాడు. ఆమె వెల్లకిలా చెరువు మెట్ల మీద పడింది. కడుపులో తన్నాడు. మళ్ళీ తన్నాడు. ఆమె చున్నీని మెడ చుట్టూ మెలిపెట్టి, పశువును లాగినట్టు రోడ్డు వైపు లాగడం మొదలుపెట్టాడు.

జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. కొందరు ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు.

"ఇంటికి పోయినంక కొట్టు రా, ఇక్కడ గాదు!" అని సుభాషిణి బతిమాలింది. ఆ మాట ఎందుకన్నదో ఆమెకు తర్వాత ఎప్పటికీ అర్థం కాలేదు.

పద్మ మొహం నల్లబడుతోంది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఎల్లవ్వ రెండు చేతులతో క్యారియరు ఎత్తి రాజమౌళి నెత్తి మీద కొట్టింది.

గిన్నెలు ఊడి మెట్ల మీద దొర్లాయి. రాజమౌళి చున్నీ వదిలేశాడు. చెవి పక్క నుంచి రక్తం కాలువలా దిగింది. అతను తిరిగి ఎల్లవ్వ రొమ్ము మీద గుద్దాడు. ఆమె కూలబడింది. మళ్ళీ గుద్దబోతుంటే సుభాషిణి అతని మోచేతిని పళ్ళతో పట్టుకుని వేలాడింది. అప్పటిదాకా రాళ్ళల్లా నిలబడిపోయిన ఆడవాళ్ళంతా ఒక్కసారి మీద పడ్డారు. గొడుగులు, చెప్పులు, నీళ్ళ సీసాలు, గోళ్ళు. ఎవరి మొగుణ్ణి ఎవరు కొడుతున్నారో తెలియనట్టు కొట్టారు. ఒకామె కొడుతూ వేరే పేరేదో పెట్టి తిడుతోంది. అది ఆమె మామ పేరు.

రాజమౌళి వెనక్కి అడుగులేస్తూ జారి, మెట్ల కింద మోకాలి లోతు నీళ్ళలో బోర్లాపడ్డాడు. ఎల్లవ్వ లేచి అతని వెనకే నీళ్ళలోకి దూకింది. వీపు మీద కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకుని నీళ్ళలోకి నొక్కింది.

అతను తన్నుకున్నాడు. ఆమె ఇంకా బలంగా నొక్కింది. నీళ్ళు ఎర్రగా అయ్యాయి, బుడగలు వచ్చాయి. పై నుంచి ఎవరో గుజరాతీలో వదిలెయ్యమని కేకలు పెడుతున్నారు. ఆమెకు ఆ కేకలు ఎక్కడో దూరాన ఉన్నట్టున్నాయి. బుడగలు తగ్గాయి.

మెడ పట్టుకుని దగ్గుతూ పద్మ నీళ్ళలోకి దిగింది. ఎల్లవ్వ వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది.

"ఇడ్సిపెట్టు అత్తా."

"సావనియ్యి."

"వీడు సస్తే నిన్ను జైల్ల ఏస్తరు. నాకు నువ్వు గావాలె. ఇడువు!"

ఎల్లవ్వ వదిలింది. పద్మే రాజమౌళి కాలరు పట్టుకుని తల పైకి తీసింది. అతను నీళ్ళు కక్కుతూ మెట్ల మీద పడిపోయాడు.

పోలీసు చౌకీలో రాజమౌళి తలకు కట్టుతో కూర్చుని, ఈ ఆడవాళ్ళంతా కలిసి నన్ను చంపబోయారని ఫిర్యాదు చేశాడు. అధికారి ఎల్లవ్వను నిజమేనా అని అడిగాడు. లేదని చెప్పమని సుభాషిణి మోచేత్తో పొడిచింది. ఎల్లవ్వ తనకొచ్చిన హిందీలో, "హా సాబ్, చంపేదాన్నే. ఈ పిల్ల చెయ్యి పట్టుకుంది కాబట్టి బతికాడు" అని చెప్పింది.

అధికారి ఆ మాట రాయకుండా కలం పక్కన పెట్టాడు. చౌకీలో ఉన్న మహిళా కానిస్టేబులు పద్మను లోపలి గదిలోకి తీసుకెళ్ళి వీపు చూసింది. బయటికొచ్చి అధికారి చెవిలో ఏదో చెప్పింది. ఆ సాయంత్రం రాజమౌళి అక్కడే లాకప్పులో ఉన్నాడు. ఆడవాళ్ళ బస్సు సూరత్‌కు తిరిగి బయలుదేరింది. ఎవరూ పాడలేదు.

పద్మ ఎల్లవ్వ గదిలోకి మారింది. గల్లీలో ఎల్లవ్వ పేరు మారుమోగింది. చెరువు దగ్గర తీసిన వీడియో ఫోను నుంచి ఫోనుకు పోయింది. గోదాములో పనిచేసే ఆడపిల్లలు ఆమె నడిచొస్తుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆమె మాత్రం అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకునేది.

"ఏందత్తా, తింటలేవు?" అని ఒకనాడు పద్మ అడిగింది.

"ఆని తలకాయ ఇంకా నా చేతులల్లనే ఉన్నట్టున్నది బిడ్డా. నా అయ్య చేతులల్ల, మా ఆయన చేతులల్ల ఏమున్నదో గదే నా చేతులల్ల గూడ ఉన్నది. నొక్కుతుంటే మంచిగనిపిచ్చింది నాకు. గదే భయం."

 పద్మ ముద్ద కలిపి ఆమె నోట్లో పెట్టింది.

దీపావళికి ముందు రాజమౌళికి బెయిలొచ్చింది. ఒక పొద్దున ఎల్లవ్వ గోదాము గేటు దగ్గరికి వచ్చేసరికి అతను సాంచాల షెడ్డులోని ఇనుప రాడ్డుతో గోడ చాటున నిలబడి ఉన్నాడు. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. చిప్ప పగిలింది. రెండో దెబ్బ నడుము మీద. మూడోది పడకముందే చాయ్ బండి బిక్షపతి వెనక నుంచి పట్టుకున్నాడు. తర్వాత గల్లీ మగవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. ముసల్ది ఆడోళ్ళను ఖరాబ్ చేస్తోందన్నవాళ్ళే. అతని రాడ్డు లాక్కుని అతన్నే కొట్టారు. నేల మీద పడ్డాకా కొట్టారు.

"సాలు! ఆపుండ్రి! ఆపుండ్రి రా!" అని మట్టిలో పడి ఎల్లవ్వ అరిచింది. ఆమె మాట వినడానికి వాళ్ళకు చాలాసేపు పట్టింది. అప్పటికి రాజమౌళి కుడి కన్ను పోయింది.

ఆసుపత్రిలో అతను స్పృహలోకి వచ్చాక పద్మ సుభాషిణిని తోడు తీసుకుని ఒకసారి వెళ్ళింది. వార్డు గుమ్మంలో నిలబడి కట్ల మధ్య ఉన్న మొహాన్ని చూసింది. అతను ఒంటికంటితో చూసి, "పద్మా" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి వచ్చేసింది. దారంతా ఏడ్చిందని, ఎందుకని మాత్రం తాను అడగలేదని సుభాషిణి తర్వాత చెప్పింది. కొన్నాళ్ళకు అతని అన్న వచ్చి ఊరికి తీసుకుపోయాడు. అతని మీద కేసు నడుస్తూనే ఉంది.

ఎల్లవ్వ కర్ర పట్టుకుని నడవడం నేర్చుకుంది. చలికాలంలో మూడో అల వచ్చి, దగ్గించి, పోయింది. సాంచాలు మళ్ళీ రాత్రీ పగలూ దడదడలాడాయి. కానీ ఒక మార్పు వచ్చింది. ఆ చప్పుడులోనూ ఏ గదిలోంచైనా అరుపు వస్తే, పక్కగది ఆడవాళ్ళు గిన్నె తీసి గోడ మీద కొట్టేవాళ్ళు. ఆ పక్కవాళ్ళూ కొట్టేవాళ్ళు. లోపలివాడు చెయ్యి దించేదాకా కొట్టేవాళ్ళు.

రెండువేల ఇరవైరెండు శ్రావణం వచ్చింది. ఆడవాళ్ళు ఎల్లవ్వ గదిలో కూర్చుని ఎక్కడికి పోవాలో మాట్లాడుకున్నారు.

"సాపుతారా వద్దు ఈసారి. తీథల్ పోదాం, సముద్రముంటది. లేకుంటే డుమస్. దగ్గర" అంది సుభాషిణి. చాలామంది తలలూపారు. పద్మ గోడ వైపు చూస్తోంది.

ఎల్లవ్వ కర్రను నేల మీద తట్టింది. "సముద్రం గూడ సూద్దాం, ఇంకోపారి. గీసారి మాత్రం సాపుతారానే. మనం పోకుంటే ఆడు మన జాగ గుంజుకున్నట్టయితది. మనకున్నది అదొక్కటే జాగ."

"నీకు భయమైతలేదా అత్తా?" అంది పద్మ.

"అయితున్నది. పోదాం."

చెరువు దగ్గర మెట్ల మీద వానకు నాచు పట్టింది. ఎల్లవ్వ పై మెట్టు మీదే ఆగిపోయింది. నీళ్ళ వైపు చూసి మొహం తిప్పుకుంది. అరచేతులు చీరెకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. ఆడవాళ్ళు తొందర పెట్టకుండా వానలోనే నిలబడ్డారు. చివరికి పద్మ భుజం పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది.

పడవలవాడు ఆమెను గుర్తుపట్టాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా.

"మౌసీ, ఈసారి కొట్లాట లేదు కదా?" అని హిందీలో అడిగాడు.

"లేదు నాయనా. తొక్కెటందుకు మోకాలే లేదు, కొట్లాట ఏడికెల్లి?" అంది ఎల్లవ్వ తెలుగులోనే. వాడికేం అర్థమైందో గానీ నవ్వి, పడవను గట్టుకు ఆనించి పట్టుకున్నాడు.

ఎల్లవ్వ కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పద్మ ఒక్కతే తొక్కింది. గట్టు మీద మిగిలినవాళ్ళు ఎవరి పడవ ఎవరెక్కాలో వాదించుకుంటున్నారు. చెరువు నడిమికి చేరేసరికి వాన బలం పుంజుకుంది. కొండలు కనిపించకుండా పోయాయి. గట్టు మీది నుంచి పడవలవాడు ఈల వేసి వెనక్కి రమ్మంటున్నాడు.

"పిలుస్తున్నడు బిడ్డా" అంది ఎల్లవ్వ.

"పిలువనియ్యి" అని పద్మ మొహం మీది నీళ్ళు భుజానికి తుడుచుకుని, పడవను అవతలి ఒడ్డు వైపు తిప్పింది.